చదువు రాని ఆడవాళ్లకు సోలార్ పని నేర్పించడం ఎలా? ఎంపిక నుంచి పాత బ్యాటరీ మార్చేదాకా

ఊళ్లో ఆడవాళ్లకు సోలార్ పని నేర్పిద్దామనుకునే సంఘాలవాళ్లు తరచూ అడిగేవి మూడే ప్రశ్నలు. చదువు రానివాళ్లకు ఈ పని వస్తుందా? ఎన్నాళ్లు పడుతుంది? ఏమేం కొనాలి?

మొదటి ప్రశ్నకు జవాబు ఎప్పుడో తేలిపోయింది. సామాజిక కార్యకర్త బంకర్ రాయ్ 1972లో రాజస్థాన్‌లోని తిలోనియాలో మొదలుపెట్టిన బేర్‌ఫుట్ కాలేజీ మధ్యవయసు ఆడవాళ్లకు, అమ్మమ్మలకు ఈ పని నేర్పి పంపుతోంది. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాళ్లకు అక్కడ ఆరు నెలల శిక్షణ ఇచ్చేవారు. ఒకరి భాష ఒకరికి రానివాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని రంగులు, సైగలు, బొమ్మలతోనే నేర్చుకునేవారు. కాబట్టి వస్తుందా రాదా అన్న మాట పక్కనపెట్టి, ఎలా నేర్పాలో చూద్దాం.

ఒక్క సంగతి ముందే అనుకుందాం. ఎవరు బిగించినా మొదటి రోజు దీపం వెలుగుతుంది. అసలు పరీక్ష మూడో ఏడు, నాలుగో ఏడు వస్తుంది. టెర్మినల్ తుప్పు పడుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది, ఎవరో కంట్రోలర్‌ను (బ్యాటరీ అతిగా నిండకుండా, అడుగంటకుండా చూసే పెట్టెను) తప్పించి నేరుగా టీవీ తగిలిస్తారు. అందుకే శిక్షణ కాలంలో సగం బిగింపుకి, మిగతా సగం లోపాలు పట్టుకోవడానికి పెట్టండి. ఈ వ్యాసమంతా ఆ లెక్కతోనే నడుస్తుంది.

ఇక్కడ చెప్పేది 12 వోల్టుల డీసీ (బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు) ఇంటి దీపాల గురించి మాత్రమే. 230 వోల్టుల ఇన్వర్టర్ వైరింగ్, కరెంటు లైనుకు కలిపే రూఫ్‌టాప్, నీటి పంపులు వేరే పని. వాటికి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ ఉండాలి.

ముందు సమకూర్చుకోవాల్సినవి

ఇద్దరికి ఒక బల్ల, ఒక సెట్టు చొప్పున లెక్క వేసుకోండి. ముగ్గురైతే ఒకరు చూస్తూ ఉండిపోతారు. పదిమంది కంటే ఎక్కువమందిని ఒక్క బ్యాచ్‌లో తీసుకోవద్దు.

ఒక్కో జంటకు ప్రాక్టీసు సామాను:
- 40 వాట్ల ప్యానెల్ (36 సెల్స్‌ది, 12 వోల్టుల బ్యాటరీకి సరిపోయేది)
- 10 ఆంపియర్ల పీడబ్ల్యూఎం చార్జ్ కంట్రోలర్ (ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీ వోల్టేజికి కట్టిపెట్టే మామూలు రకం)
- 12 వోల్టులు, 40 ఆంపియర్-అవర్ (బ్యాటరీ ఎంత దాస్తుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ, అంటే రోజూ వాడకానికి తట్టుకునే సీసం-యాసిడ్ రకం. లేదంటే 20 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, దానికి సరిపడే కంట్రోలర్
- 5 వాట్ల డీసీ ఎల్ఈడీ బల్బులు మూడు, హోల్డర్లు, స్విచ్‌లు, ఒక యూఎస్‌బీ చార్జింగ్ పాయింటు
- ఫ్యూజ్ హోల్డర్, 10 ఆంపియర్ల ఫ్యూజులు
- ఎరుపు, నలుపు రాగి వైరు: ప్యానెల్‌కి, బ్యాటరీకి 2.5 చదరపు మిల్లీమీటర్లది, బల్బులకు 1.5ది. ప్యానెల్ 15 మీటర్లకు మించి దూరంలో ఉంటే 4 చదరపు మిల్లీమీటర్లది

పనిముట్లు: డిజిటల్ మల్టీమీటర్, రెండు రకాల స్క్రూడ్రైవర్లు, వైర్ స్ట్రిప్పర్, కటింగ్ ప్లేయర్, నోస్ ప్లేయర్, 10, 13 నంబరు స్పానర్లు, క్రింపింగ్ టూల్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ స్టాండుతో సహా, సోల్డర్ పీల్చే పంపు, హైడ్రోమీటర్ (బ్యాటరీ యాసిడ్ చిక్కదనం కొలిచేది), టేపు, మట్టం, కళ్లకు రక్షణ అద్దాలు, రబ్బరు చేతి తొడుగులు. ఇవి శిక్షణ అయ్యాక వాళ్లతోపాటే ఊరికి వెళ్లాలి. చేయి అలవాటుపడిన మీటరు తీసేసుకుని కొత్తది ఇస్తే మళ్లీ మొదటికొస్తారు.

ఎక్కువమంది మరిచిపోయేది ఒకటుంది: దగ్గరి చూపు కళ్లద్దాలు.

1. ముందు ఊరితో మాట్లాడండి

మనుషులను ఎంచేముందే ఊరంతా కూర్చుని రెండు విషయాలు తేల్చుకోవాలి. నెలనెలా ప్రతి ఇల్లూ ఎంత కట్టాలి, ఆ డబ్బు ఎవరి చేతిలో ఉండాలి. సామాను ఉచితంగా వస్తున్నా నెల రుసుము వద్దనకండి. డబ్బు కట్టని ఇంటివాళ్లు దీపం ఆగితే అడగరు, పని నేర్చుకున్నావిడకు జీతం రాదు, ఏడాది తిరగకుండా ఆమె వేరే కూలికి పోతుంది.

రుసుము బేరమాడి తేల్చేది కాదు, లెక్క కట్టేది. బ్యాటరీ 48 నెలలు వస్తుందనుకుంటే దాని ధరలో నలభై ఎనిమిదో వంతు. ఆ పని చూసే ఇద్దరి జీతాన్ని ఇళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. బల్బులు, ఫ్యూజులు, డిస్టిల్డ్ వాటర్‌కు కొంత. ఈ మూడూ కలిపితే వచ్చేదే రుసుము. ఇప్పుడు ఆ ఇల్లు కిరసనాయిలు, కొవ్వొత్తులు, టార్చి సెల్స్, ఫోను చార్జింగ్ మీద నెలకు ఎంత పెడుతోందో కూడా అడిగి చూడండి. రుసుము దానికంటే ఎక్కువైతే సిస్టమ్ చిన్నది చేయాలి. బ్యాటరీ వాటాను మాత్రం తగ్గించకండి.

2. ఎవరిని ఎంచాలి

ఊరికి ఇద్దరు. ఒక్కరినే పంపితే ఆమెకు జ్వరమొచ్చినా ఊరు చీకట్లో ఉంటుంది. నిచ్చెన పనికి కూడా ఇద్దరు కావాలి.

35 నుంచి 50 ఏళ్ల మధ్యవాళ్లు బాగా నిలుస్తారు. చిన్న వయసువాళ్లకు తెలివి తక్కువని కాదు. పెళ్లయి, లేదా ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లిపోతే పని కూడా వాళ్లతోనే వెళ్లిపోతుంది. ఇల్లు, పొలం, మనవలు ఇక్కడే ఉన్న ఆడమనిషి ఊరు దాటదు. ఊరి పెద్ద తన ఇంటి కోడలినో, మేనకోడలినో ముందుకు తోస్తే మర్యాదగా ఒక షరతు పెట్టండి: రాత్రి ఎవరి తలుపు తట్టినా, ఏ ఇంటివాళ్లు పిలిచినా వెళ్లాలి. ఆ మాట విన్నాక చాలామంది వాళ్లే తప్పుకుంటారు.

ఇంట్లోవాళ్లతో ఎదురెదురుగా మాట్లాడండి. ఎన్నాళ్లు, ఎక్కడ పడుకుంటారు, ఎవరు తోడుంటారు, ఇంట్లో వంట ఎవరు చేస్తారు అన్నీ చెప్పండి. చంటిపిల్లల తల్లులు ఉంటే పిల్లల్ని చూసుకునే మనిషిని మీరే పెట్టండి. ఇంటికి దూరంగా ఉండలేనివాళ్లకు ఊళ్లోనే రోజుకు నాలుగు గంటల చొప్పున, రెట్టింపు వారాలు పెట్టి నేర్పవచ్చు. నాట్లు, కోతల రోజుల్లో మాత్రం ఏ శిక్షణా మొదలుపెట్టొద్దు.

3. మొదటి వారం: కళ్లు, అంకెలు, చేతి పట్టు

నలభై దాటినవాళ్లలో చాలామందికి దగ్గరి చూపు తగ్గి ఉంటుంది. ఆ సంగతి వాళ్లకీ తెలియదు, చెప్పరు. రంగు చారలు కనబడక తప్పు చేస్తే నేర్పేవాళ్లు "ఆమెకు బుర్రకెక్కడం లేదు" అనేస్తారు. మొదటి రోజే సూదిలో దారం ఎక్కించమనండి. చేయి చాచి, దూరంగా పెట్టి ఎక్కిస్తున్నారంటే కళ్లద్దాలు కావాలి. కళ్ల పరీక్ష చేయించి ఇప్పించండి. రంగులు గుర్తుపట్టలేని సమస్య ఆడవాళ్లలో చాలా అరుదు. మగవాళ్లలో సుమారు పన్నెండుమందిలో ఒకరికి ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు, ఆడవాళ్లలో రెండువందలమందిలో ఒకరికి. రంగులతో నేర్పే పద్ధతికి ఇది కలిసొచ్చే విషయం.

అక్షరాలు అక్కర్లేదు. 0 నుంచి 9 దాకా అంకెలు, చుక్క, మైనస్ గుర్తు, ఈ పన్నెండూ వస్తే చాలు. అన్నిటికంటే కష్టం చుక్క తర్వాతి అంకెలు. 12.08, 12.80 పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని అడగండి. మొదటి వారం సగంమంది తడబడతారు. ఇది తేలకుండా బ్యాటరీ దగ్గరికి పోవద్దు.

మాటల సూచనలన్నీ రంగులతో మార్చేయండి. ప్లస్ ఎరుపు, మైనస్ నలుపు. ప్యానెల్ వైర్ల చివర పసుపు టేపు, బ్యాటరీ వైర్లకు నీలం, బల్బుల వైర్లకు ఆకుపచ్చ. కంట్రోలర్ మీద అవే రంగుల చుక్కలు. ఊరి ప్రతి ఇంట్లోనూ ఇవే రంగులు ఉండాలి, మధ్యలో మార్చకూడదు.

నేర్పేవాళ్లకు ఒక మాట: పొరపాటు చేస్తుంటే వాళ్ల చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కోకండి. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి. మీరు మూడుసార్లు చేసి చూపించినదానికంటే ఆమె ఒక్కసారి తప్పు చేసి దిద్దుకున్నది ఎక్కువ గుర్తుంటుంది.

4. మల్టీమీటర్

ఇక్కడ రెండు వారాలు పెట్టినా నష్టం లేదు. తర్వాతి పనంతా దీనిమీదే.

డయల్ మీద డీసీ 20 వోల్టుల దగ్గర గోళ్లరంగుతో నీలం చుక్క, డీసీ 200 దగ్గర పసుపు చుక్క పెట్టండి. బ్యాటరీకి నీలం, ప్యానెల్‌కి పసుపు. ఎందుకంటే, ఖాళీ ప్యానెల్ 21 వోల్టులు ఇస్తుంటే 20 రేంజిలో మీటరు ఎడమ పక్కన ఒంటరిగా "1" మాత్రమే చూపిస్తుంది. అది "నాకు అందనంత ఎక్కువ" అని చెప్పడం. కొత్తవాళ్లు ఒక్క వోల్టే వస్తోందనుకుని మంచి ప్యానెల్‌ను పాడైందంటారు.

ముందు మైనస్ గుర్తు వస్తే పిన్నులు తారుమారు అయ్యాయని. అదేం తప్పు కాదు, దానితోనే ఏ వైరు ప్లస్సో కనిపెట్టవచ్చు.

ప్రమాదమంతా 10 ఆంపియర్ల రంధ్రం దగ్గర ఉంది. ఎర్ర పిన్ను అందులో ఉండగా బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్ట్ చేసినట్టే: నిప్పురవ్వలు, కరిగిన పిన్ను, పోయిన మీటరు. మొదటి రెండు వారాలు ఆ రంధ్రానికి టేపు అతికించి ఉంచండి. తర్వాత ఒకే ఒక్క పనికి తెరవండి: ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంటు (దాని రెండు వైర్లూ నేరుగా కలిపినప్పుడు పారేది) కొలవడానికి. కొలత అయిన వెంటనే పిన్ను వెనక్కి. బ్యాటరీ కరెంటు ఇలా ఎప్పుడూ కొలవకూడదు.

5. సోల్డరింగ్

వారంలో చేయి తిరుగుతుంది. పాత బోర్డుల మీద రోజుకు యాభై టంకాలు వేయించండి. ఐరన్ మొన బోర్డునూ, తీగనూ ఒకేసారి తాకాలి. రెండు మూడు సెకన్లు వేడయ్యాక సోల్డర్‌ను ఐరన్‌కి కాకుండా ఆ అతుకు దగ్గరికి ఇవ్వాలి. అది పాకి చిన్న గోపురంలా మెరుస్తూ నిలవాలి. గుండ్రంగా ఉండలా ఉన్నా, మసకగా ఉన్నా, చుట్టూ వెంట్రుకంత సందు కనిపించినా అది డ్రై సోల్డర్. ఈరోజు వెలుగుతుంది, వేసవిలో వదిలేస్తుంది. పొగ పీల్చకుండా కిటికీ దగ్గర చేయించండి. సోల్డర్‌లో సీసం ఉంటుంది కాబట్టి తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాల్సిందే.

కంట్రోలర్ కార్డు (లోపలి సర్క్యూట్ బోర్డు), సోలార్ లాంతరు కార్డు విప్పి రిపేరు చేయడం కూడా నేర్పాలంటే మొత్తం ఆరు నెలలు కేటాయించండి. కార్డు మార్చేసి పాతది బయటికి పంపితే చాలనుకుంటే మూడు నెలల్లో అయిపోతుంది.

6. లెక్క: గులకరాళ్లతో

వాట్-అవర్ అని బోర్డు మీద రాస్తే ఎవరికీ ఎక్కదు. ఒక గులకరాయి అంటే 5 వాట్ల బల్బు ఒక గంట వెలగడం అనుకోండి.

మూడు బల్బులు ఐదేసి గంటలు: 15 రాళ్లు. రెండు ఫోన్ల చార్జింగ్: 4 రాళ్లు. రాత్రికి 19.

40 వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున, దారిలో పోయే నష్టాలు తీసేస్తే, సుమారు 25 రాళ్లు తెస్తుంది. 40 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీలో సగమే వాడాలి కాబట్టి 48 రాళ్లు దాస్తుంది. మబ్బు పట్టినా రెండు రాత్రులు గడుస్తాయి.

ఇప్పుడు "డీసీ ఫ్యాను పెట్టవా అక్కా" అని ఒక ఇంటివాళ్లు అడిగారనుకోండి. 15 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 24 రాళ్లు. 19కి 24 కలిపితే 43. ప్యానెల్ తెచ్చేది 25. రాళ్లు నేలమీద పేర్చి చూపిస్తే అడిగినవాళ్లే "అయితే పెద్ద ప్యానెల్, పెద్ద బ్యాటరీ కావాలన్నమాట" అంటారు. ఈ ఒక్క పాఠం శిక్షణ తర్వాత చాలా గొడవలు తప్పిస్తుంది.

మీ చేతిలో ఉండాల్సిన అసలు లెక్క: రోజు వాడకం 95 వాట్-అవర్లు (19 రాళ్లు, ఒక్కోటి 5), దారిలో పోయే నష్టాలకుగాను దాన్ని 0.7తో భాగిస్తే 136, రోజులో నిండు ఎండ గంటలు 4.5తో భాగిస్తే 30. దొరికే సైజుల్లో పైది 40 వాట్లు. మీ దగ్గర ఎండ గంటలు తక్కువైతే ఈ అంకె మారుతుంది.

7. బిగింపు

పని మొదలయ్యేముందు గాజులు, ఉంగరాలు, గడియారం తీయాలి. మెడలో గొలుసు బట్టల లోపలికి వేసుకోవాలి, జడ ముడి పెట్టుకోవాలి. 12 వోల్టులు షాక్ కొట్టవు గానీ లోహపు గాజు రెండు టెర్మినళ్లకూ తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చేతికి అతుక్కుంటుంది. స్పానర్ పిడికి మొత్తం ఇన్సులేషన్ టేపు చుట్టండి.

నిచ్చెన: నాలుగు మీటర్ల ఎత్తుకు పాదం గోడ నుంచి ఒక మీటరు దూరంలో. కింద ఒకరు పట్టుకోవాలి. రేకుల కప్పు మీద మేకుల వరస ఉన్నచోటే అడుగు వేయాలి, దాని కిందే వాసం ఉంటుంది. కప్పు బలహీనంగా ఉంటే ఎక్కనే వద్దు. ఇంటి పక్కన ఇనుప స్తంభం పాతి కాంక్రీటు వేసి, దానిమీద ప్యానెల్ పెట్టండి.

దిక్కు: భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్లు దక్షిణానికి, దక్షిణాన ఉన్నవాళ్లు ఉత్తరానికి. రేకుల మీద దిక్సూచి తప్పు చూపిస్తుంది. నేలమీద నిలువుగా కర్ర పాతండి. మధ్యాహ్నం నీడ బాగా పొట్టిగా ఉన్నప్పుడు గీసిన గీతే ఉత్తర-దక్షిణాల గీత.

వాలు: మీరున్న అక్షాంశమెంతో సుమారు అంత. 10 డిగ్రీలకు తగ్గితే వానకు దుమ్ము కొట్టుకుపోదు. డిగ్రీలు చెప్పే బదులు చెక్కతో ముక్కోణం కోసి ఇవ్వండి: అడుగు 100 సెంటీమీటర్లకు ఎత్తు 27 అయితే 15 డిగ్రీలు, 36 అయితే 20, 47 అయితే 25. కప్పుకీ ప్యానెల్‌కీ మధ్య 10 సెంటీమీటర్ల గాలి సందు వదలాలి. వేడెక్కిన ప్యానెల్ తక్కువ ఇస్తుంది.

నీడ: పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా వేలెడంత నీడ కూడా పడకూడదు. 36 సెల్స్ ప్యానెల్ లోపల మామూలుగా రెండు వరసలు ఉంటాయి. ఒక కొమ్మ నీడ ఒక వరసను ఆపేస్తే మిగిలింది 9 వోల్టుల దగ్గర ఉంటుంది. 12 వోల్టుల బ్యాటరీలోకి అది ఎక్కదు. "కాస్త నీడే కదా, కాస్త తగ్గుతుందిలే" అనుకున్నచోట అసలు చార్జింగే జరగదు.

కలిపే వరస: ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్, చివర బల్బులు. విప్పేటప్పుడు సరిగ్గా తిరగేసి: బల్బులు, ప్యానెల్, చివర బ్యాటరీ. కంట్రోలర్ బ్యాటరీని చూసే తనను తాను సర్దుకుంటుంది. బ్యాటరీ లేకుండా ప్యానెల్ తగిలిస్తే కంట్రోలర్ పోవచ్చు. నీలం, పసుపు, ఆకుపచ్చ అని పాటలా వల్లె వేయించండి. ప్యానెల్ కలిపేటప్పుడు, విప్పేటప్పుడు దానిమీద మందపాటి గుడ్డ కప్పాలి.

ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్‌కి జానెడు లోపలే ఉండాలి. కంట్రోలర్ పక్కన పెడితే మధ్యలోని వైరుకు రక్షణ ఉండదు. ఫ్యూజ్ పోయినప్పుడు రాగి తీగ చుట్టి నెట్టుకురావడం ఇల్లు కాలే పని.

వైరు చివర తొక్క సెంటీమీటరు లోపే తీయాలి, పోగులు తెగకూడదు, ఒక్క పోగు కూడా టెర్మినల్ బయట వేలాడకూడదు. స్క్రూ బిగించాక ప్రతి వైరునూ వేళ్లతో పట్టి లాగి చూడాలి. వచ్చేస్తే మళ్లీ.

బ్యాటరీ గాలి ఆడేచోట, పొయ్యికి దూరంగా, పిల్లలకు అందకుండా పెట్టెలో ఉండాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. పక్కన బకెట్ నీళ్లు, వంట సోడా ఉంచండి. యాసిడ్ కంట్లో పడితే పావుగంటసేపు నీళ్లతో కడుగుతూనే ఉండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బల్బులు కొనేటప్పుడు జాగ్రత్త: 12 వోల్టుల డీసీ బల్బు, 230 వోల్టుల బల్బు ఒకే రకం హోల్డర్‌లో పడతాయి. కరెంటు కూడా ఉన్న ఇంట్లో డీసీ బల్బును దానికి పెడితే పేలిపోతుంది. డీసీ బల్బులకు వేరే రకం హోల్డరు వాడండి, లేదా హోల్డర్ల మీద ఆకుపచ్చ రంగు వేయండి.

8. లోపాలు పట్టుకోవడం

ప్లైవుడ్ బోర్డు మీద పూర్తి సిస్టమ్ బిగించండి. రోజూ పొద్దున వాళ్లు రాకముందే ఒక లోపం దాచిపెట్టండి. మొదట్లో తేలికవి: పోయిన ఫ్యూజ్, తిరగేసిన బల్బు వైరు. తర్వాత కష్టమైనవి: వైరు తొక్క లోపల తెగిన రాగి, స్క్రూ తొక్కమీద బిగుసుకుని రాగికి తగలకపోవడం, రెండు వారాలుగా చార్జి కాని బ్యాటరీ, ప్యానెల్ మీద అతికించిన చిన్న అట్టముక్క. మూడో దశలో రెండు లోపాలు ఒకేసారి. ఒకటి దొరకగానే సంబరపడి ఆగిపోయేవాళ్లు రెండోదాన్ని వదిలేస్తారు.

ఒకే నియమం: కొలవకుండా ఏ స్క్రూ విప్పకూడదు. విప్పి బిగిస్తే లూజ్ కాంటాక్ట్ తాత్కాలికంగా సర్దుకుంటుంది, కారణం ఎప్పటికీ తెలియదు.

ముందు ఇంటివాళ్లను అడగాలి: ఎప్పటినుంచి, ఏదైనా కొత్తగా తగిలించారా, ఎవరైనా ముట్టుకున్నారా. తర్వాత కళ్లతో చూడాలి. తర్వాత వేలి వెనకవైపుతో టెర్మినళ్లు తాకాలి, వేడిగా ఉన్నది వదులైనది. అప్పుడు మీటరు, ఐదు చోట్ల:

- ప్యానెల్ విడదీసి, ఎండలో: 19 నుంచి 22 వోల్టులు. ఉంటే దాని షార్ట్ సర్క్యూట్ కరెంటు కూడా చూడాలి. నడినెత్తి ఎండలో ప్యానెల్ వెనక చీటీ మీద రాసినదానికి దగ్గరగా ఉండాలి. సగమే వస్తే దుమ్ము, నీడ, లేదా పాడైన సెల్.
- కంట్రోలర్ ప్యానెల్ టెర్మినల్ దగ్గర, ప్యానెల్ కలిపి ఉండగా: 13 నుంచి 14.4. ఇక్కడ అందరూ కంగారుపడతారు, "ఇందాక 21 ఉంది కదా" అని. పీడబ్ల్యూఎం కంట్రోలర్ ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజికి లాగి పెడుతుంది. అది సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తే. బ్యాటరీ నిండిపోయాక మాత్రం ఈ అంకె పైకి ఎగరవచ్చు, అదీ లోపం కాదు. కలిపి ఉన్నా బ్యాటరీ నిండకుండానే 20 చూపిస్తే బ్యాటరీ వైపు దారి తెగింది, ఫ్యూజ్ చూడండి.
- బ్యాటరీ మీద, చార్జింగ్, వాడకం రెండూ ఆపి రెండు గంటల తర్వాత: 12.6 పైన ఆకుపచ్చ, 12.2 నుంచి 12.6 దాకా పసుపు, 12.2 కింద ఎరుపు. ఈ రంగుల పట్టీ అట్టమీద గీసి ఒక్కొక్కరికీ ఇవ్వండి. లిథియం బ్యాటరీకి ఈ పట్టీ పనికిరాదు, దాని వోల్టేజి ఖాళీ అయ్యేముందు దాకా దాదాపు కదలదు.
- కంట్రోలర్ లోడు (బల్బుల వంటి వాడకం) టెర్మినల్ దగ్గర, బల్బులు వెలుగుతుండగా: బ్యాటరీ కంటే 0.2 వోల్టులకు మించి తగ్గకూడదు.
- బల్బు హోల్డర్ దగ్గర: బ్యాటరీ కంటే 0.5కు మించి తగ్గకూడదు. తగ్గితే వైరు సన్నం, లేదా మధ్యలో అతుకు వదులు.

లోడు లేకుండా 12.6 చూపించి, మూడు బల్బులు వేయగానే 10కి జారితే బ్యాటరీ పోయిందని వెంటనే తేల్చొద్దు. మీటరు పిన్ను ఒకసారి వైరు చివరన ఉన్న లగ్ (లోహపు కొన) మీద, మరోసారి బ్యాటరీ సీసపు స్తంభం మీదే నేరుగా పెట్టి చూడాలి. స్తంభం మీద 12.5, లగ్ మీద 10 అంటే రెండిటి మధ్యా తుప్పు. తెల్లగా, పచ్చగా పేరుకున్నదాన్ని వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరబెట్టి, బిగించి, పైన వాజిలైన్ పూస్తే సరిపోతుంది. స్తంభం మీదే 10 వస్తే బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి మరోసారి చూసి, అప్పుడు మార్చండి. ఈ తేడా తెలియక బాగున్న బ్యాటరీలు చాలా తుక్కులో పడతాయి.

ఆరునెలలకోసారి బ్యాటరీ గదుల్లో నీళ్లు చూడాలి. పోసేది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. కుళాయి నీళ్లు, వాన నీళ్లు, యాసిడ్ ఏదీ పోయకూడదు. హైడ్రోమీటర్‌తో ఆరు గదులూ చూస్తే ఒక్కటి మాత్రం బాగా తక్కువ ఉందంటే ఆ గది పోయినట్టే.

ఇళ్లలో కనిపించే అతి పెద్ద లోపం వైరింగ్‌ది కాదు. రాత్రి కంట్రోలర్ లోడు ఆపేస్తే, ఎవరో తెలివిగా దాన్ని తప్పించి బ్యాటరీకి నేరుగా టీవీ తగిలిస్తారు. బ్యాటరీ అడుగంటి కొన్ని నెలల్లోనే పోతుంది. కనిపెట్టడం సులువు, టెర్మినల్ మీద కొత్త గీతలు, అదనపు తీగముక్క ఉంటాయి. చెప్పడమే కష్టం. ఆ మాట పెద్దవాళ్లకు ఎలా చెప్పాలో కూడా ఒకరు ఇంటి యజమానిగా, ఒకరు రిపేరుకు వచ్చినావిడగా నటించి సాధన చేయించండి.

9. చేయి తిరిగిందో లేదో చూడటం

సర్టిఫికెట్ ఇచ్చేముందు మూడు చూడండి. ఒక ఇల్లు తానే ముందుండి, జంటతో కలిసి, మీరు నోరు విప్పకుండా బిగించాలి. బోర్డు మీద దాచిన మూడు లోపాలు గంటన్నరలో పట్టి, ఒక్కోటి ఎందుకు వచ్చిందో చెప్పాలి. గులకరాళ్లతో ఒక కొత్త ఇంటి లెక్క వేయాలి.

ఇల్లు చూసేటప్పుడు: ఫ్యూజ్ ఎక్కడుంది, వైర్లు లాగితే వస్తున్నాయా, హోల్డర్ దగ్గర వోల్టేజి ఎంత, నిచ్చెన ఎవరు పట్టుకున్నారు. అందంగా కనిపించే వైరింగ్‌కి మార్కులు ఆఖర్న వేయండి. ఏదైనా తప్పితే మళ్లీ ఒక వారం. ఓడిపోయినట్టు కాకుండా ఆ ఒక్క పాఠమే మళ్లీ చెప్పండి.

10. ఊళ్లో వర్క్‌షాప్

ఒక గది, తాళం, బల్ల. సోల్డరింగ్ ఐరన్‌కు కూడా కరెంటు కావాలి కదా. 12 వోల్టుల ఐరన్ దొరికితే మేలు, లేకపోతే చిన్న ఇన్వర్టర్ పెట్టుకోవాలి. యాభై ఇళ్లకు ఎప్పుడూ చేతిలో ఉండాల్సినవి: బల్బులు పది, కంట్రోలర్లు మూడు, ఫ్యూజులు యాభై, స్విచ్‌లు పది, వైరు ఒక చుట్ట, చార్జి చేసి ఉంచిన బ్యాటరీ ఒకటి. ఆ బ్యాటరీ రిపేరు ఇంట్లో తాత్కాలికంగా పెట్టడానికి. దాన్ని ఎవరికీ శాశ్వతంగా ఇవ్వకూడదు.

ఇంటికో పేజీతో బొమ్మల పుస్తకం: బ్యాటరీ బొమ్మ కింద అంకె, చుక్కనీటి బొమ్మ కింద టిక్కు, ప్యానెల్ బొమ్మ కింద తుడిచిన తేదీ. బిగించిన వారానికి ఒకసారి, నెలకు ఒకసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి వెళ్లాలి. అంకెలు ఆకుపచ్చ నుంచి పసుపుకు జారడం ఇంటివాళ్లకంటే ముందు ఆ పుస్తకంలోనే కనిపిస్తుంది.

అన్ని ఇళ్లూ ఒకే నెలలో బిగిస్తే బ్యాటరీలన్నీ ఇంచుమించు ఒకేసారి ముసలివవుతాయి. కొన్నేళ్ల తర్వాత ఒక్క ఏడాదిలో యాభై బ్యాటరీలు కావాలి. బ్యాటరీ వాటా డబ్బు వేరే ఖాతాలో ఉండి, ఇద్దరి సంతకాలు లేనిదే బయటికి రాకుండా ఉంటే ఆ ఏడు గడుస్తుంది. మొదటి బ్యాటరీ ఎరుపులోకి రాగానే ఖాతాలో ఎంతుందో లెక్క చూసుకుని, మిగతావి వంతులవారీగా ఆర్డర్ పెట్టండి. తక్కువ ధర కదా అని కారు బ్యాటరీలకు మాత్రం పోకండి. వాటి ప్లేట్లు పలచన, రోజూ సగందాకా వాడితే ఏడాది రెండేళ్లకు మించి నిలవడం కష్టం.

తీసేసిన బ్యాటరీని ఊళ్లో పగలగొట్టకూడదు, యాసిడ్ మట్టిలో పారబోయకూడదు, సీసం కరిగించకూడదు. సీసపు దుమ్ము పిల్లల ఒంట్లోకి చేరితే మెదడు దెబ్బతింటుంది. మూతలతో సహా నిటారుగా పెట్టి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వండి. కొత్త బ్యాటరీ కొనేచోటే పాతది వెనక్కి తీసుకుంటారేమో ముందే అడిగి, ఆ డబ్బును కూడా బ్యాటరీ ఖాతాలోనే వేయండి.